మూత్రం బిగిసిన మాఘమాసం

ఈ సంగతి కాగితం మీద పెట్టడం మా అబ్బాయికి ఇష్టం లేదు. "మీ జబ్బు సంగతి ఊరందరికీ ఎందుకండీ నాన్నగారూ? పరువు పోతుంది" అన్నాడు. పరువు సంగతి నాకు వాడు చెప్పాలా? అరవై దాటేదాకా దాన్నే మూటగట్టుకుని తిరిగాను. తీరా ఏలూరు ఆస్పత్రిలో ముక్కూ మొగం తెలియని కాంపౌండరు నా పంచె విప్పి రబ్బరు గొట్టం పెట్టిననాడు అది ఏ మూలకు పోయిందో వెతికినా కనపడలేదు. సిగ్గు విడిస్తే శ్రీరంగమే అన్నారు పెద్దలు. నేను శ్రీరంగం వెళ్ళలేదు గాని, ప్రాణంతో ఇంటికి వచ్చాను. నా ఈడు మగవాళ్ళు మా లంకల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. కొంత నా మనసు కుదుటపడడం కోసం కూడా.

మాది కొల్లేరులో కలిదిండి వైపున్న ఒక చిన్న లంక. వరి పండిస్తాం. వానాకాలంలో ఎటు వెళ్ళాలన్నా పడవే. ఇంట్లో నేను, మా అబ్బాయి సుబ్బారావు, కోడలు, మా వదిన సూరమ్మ. వదిన అంటే మా అన్నయ్య భార్య. నా ఇల్లాలు పిల్లల చిన్నతనంలోనే పోతే వాళ్ళను పెంచి పెద్దచేసింది ఆవిడే. మా అన్నయ్య నా జబ్బుకు ఏడేళ్ళ ముందు, విభవ సంవత్సరంలో మూత్రం బిగిసి పోయాడు. పొట్ట ఉబ్బి, మంచం పట్టె పట్టుకుని ఆయన పెట్టిన కేకలు మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "కడుపులో నీరు చేరింది, ఆయుర్దాయం తీరింది" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

ఇంకొక మాట ముందే చెప్పాలి. ఊళ్ళో ఎవరికి మూత్రం మంటగా ఉన్నా, ఎర్రగా వస్తున్నా మా వదిన దగ్గరికే వస్తారు. పల్లేరుకాయలు దంచి, కొండపిండి ఆకు వేసి కషాయం కాచి ఇస్తుంది. పైన లేత కొబ్బరిబొండాం తాగమంటుంది. ఒక్క కానీ కూడా పుచ్చుకోదు. చాలామందికి నయమయింది కూడా, అబద్ధం ఎందుకు ఆడాలి?

యువ సంవత్సరం, కార్తీకం

ఎప్పుడు మొదలయిందో సరిగ్గా చెప్పలేను. చేలగట్టు మీద ఒంటికి కూర్చుంటే మా పాలేరు మడవ కట్టి, చుట్ట ముట్టించుకుని, అది సగం కాల్చేదాకా నేను ఇంకా కూర్చునే ఉండేవాణ్ణి. వస్తుందన్నట్టే ఉంటుంది, రాదు. వచ్చినా సన్నగా, ఆగి ఆగి, కాళ్ళ మీదే పడేది. అయిపోయిందని లేచి నాలుగడుగులు వేసేసరికి పంచె తడిసేది. చలికాలం కదా, ముసలితనం కదా అని సరిపెట్టుకున్నాను.

ఆ నెలలోనే తాడేపల్లిగూడెం వెళ్ళాను. మా అమ్మాయి మంగమ్మను అక్కడే ఇచ్చాం. అల్లుడు బియ్యపు మిల్లులో గుమాస్తా. వాళ్ళ ఇంట్లో దొడ్డిలోకి వెళ్ళాలంటే వంటింటి వసారా దాటాలి. అక్కడ మా వియ్యపురాలు, వాళ్ళ తోడికోడలు కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా పాపం ఇద్దరూ పైట సర్దుకుని లేచి నిలబడేవారు. ఒకసారి లేచారు, రెండోసారి లేచారు. మూడోసారి నాకే చచ్చేంత సిగ్గు వేసింది. ఇక మంచినీళ్ళు ముట్టడం మానేశాను. భోజనంలో చారు కూడా వద్దన్నాను. నాలుగు రోజులుంటానని వచ్చినవాణ్ణి మర్నాడే ప్రయాణమయ్యాను.

రైలుస్టేషనుకు మంగమ్మ కూడా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నా చెయ్యి పట్టుకుని, "ఏం నాన్నా, మా ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టలేదు. మా అత్తగారు ఏమన్నా అన్నారా? నాతో చెప్పండి" అంది.

"ఏమీ లేదమ్మా, పొలంలో పని ఉంది" అన్నాను.

అది నమ్మలేదు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తరువాత వాళ్ళ అత్తగారితో అది మాట మాట అనుకున్నదట. ఆ మహా ఇల్లాలు చేసిన తప్పేమీ లేదు. కన్నకూతురుతో "నాకు ఒంటికి సరిగా రావడం లేదమ్మా" అని చెప్పడానికి ఏ తండ్రికి నోరు వస్తుంది? మింగలేక కక్కలేక రైలెక్కాను.

ఇంట్లో కూడా చెప్పలేదు. దానికి సిగ్గొక్కటే కారణం కాదు. అన్నయ్యకూ ఇలాగే మొదలయింది. నోటితో అంటే అదీ ఇదీ ఒకటే అయిపోతుందని భయపడ్డాను. ఆ చావు తప్ప ఇంకే చావయినా ఇమ్మని మనసులోనే దేవుణ్ణి అడిగేవాణ్ణి.

మాఘం

మాఘంలో మా పినతండ్రి మనుమడి పెళ్ళి. ఆడపెళ్ళివారిది కొల్లేటికోట. పెద్ద పడవ మాట్లాడుకుని తెల్లవారుతూనే బయలుదేరాం. మా లంకల్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళికొడుకు ఎక్కిన పడవ ఆడపెళ్ళివారి రేవు చేరేదాకా మధ్యలో ఎక్కడా ఒడ్డు పట్టకూడదు. పడితే ఆ పెళ్ళికి ఏదో విఘ్నం తప్పదంటారు. కుర్రకారు ఎవరయినా పడవ చివరికి వెళ్ళి ఎలాగో కానిస్తారు. పెళ్ళిపెద్దగా నడిమధ్యన, పసుపు బట్టల ముత్తయిదువల నడుమ కూర్చున్న నేను ఎక్కడికి లేస్తాను? చలిగాలి కొడుతున్నది. పొద్దున్నే వేడివేడి కాఫీ అని రెండు గ్లాసులు పోశారు. కొల్లేరు దాటుతుండగానే పొత్తికడుపు బిగిసింది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఎదురుగా మా బావమరిది ఏవో హాస్యాలాడుతుంటే నవ్వుతూ కూడా ఉన్నాను.

రేవులో దిగగానే ఎదుర్కోలు సన్నాహం చేస్తుంటే తప్పించుకుని కిక్కిసపొదల చాటుకు వెళ్ళాను. కూర్చున్నాను. ఒక్క చుక్క రాలేదు. ముక్కాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. సన్నాయి వినపడుతున్నది. నా పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒళ్ళంతా చెమట పోసింది. మధ్యాహ్నం దాటాక ఇక నిలబడలేక సుబ్బారావును పక్కకు పిలిచి, "నన్ను ఇంటికి తీసుకుపోరా" అన్నాను. ఎందుకని అడగలేదు వాడు. నా మొగం చూశాడు, వెళ్ళి చిన్న దోనె ఒకటి మాట్లాడుకుని వచ్చాడు.

వాకిట్లో నా నడక చూసీ చూడగానే మా వదిన చేతిలో చేట కింద పెట్టింది.

"ఏమయింది అబ్బాయ్? మీ అన్నలా వంగి నడుస్తున్నావేం?"

అంతకాలం నేను నోట్లో దాచుకున్న మాట ఆవిడే అనేసింది. ఇక దాపరికం ఏముంది? చెప్పాను. చెప్పగానే ఆవిడ క్షణం ఆలస్యం చెయ్యలేదు. పల్లేరుకాయలు దంచింది. చెట్టు ఎక్కించి బొండాలు దింపించింది. రోగి కోరిందీ పాలే వైద్యుడిచ్చిందీ పాలే అన్నట్టు నాకూ పొద్దుటినుంచి నోరెండిపోయి ఉన్నది. మూత్రం రాకపోతే నీరు పట్టించాలి, పైనుంచి తోస్తే కిందికి దిగుతుంది. మా ఇంట్లో, మా ఊళ్ళో, ఆ చుట్టుపక్కల లంకలన్నిటిలో అందరికీ తెలిసిన వైద్యం అదే. వదిన గ్లాసు పట్టడం, నేను తాగడం. "ఇంకొంచెం తాగు నాయనా, ఇప్పుడు తెగుతుంది చూడు" అంటూ నా కాళ్ళ దగ్గరే కూర్చుని పాదాలు రాసింది. తాగినకొద్దీ పొట్ట రాయయింది. ఆ బాధ రాయడానికి నాకు మాటలు రావు. కేకలు వేశాననే తెలుసు. ఒక కేక వేసిన తరువాత అది నా గొంతులా లేదనిపించింది. అచ్చం మా అన్నయ్య గొంతు. వదిన కూడా అది విన్నది. పాదాలు రాస్తున్న చేతులు ఆగిపోయాయి.

తెలతెలవారుతుండగా సుబ్బారావు ఎవరినీ అడక్కుండా పడవ కట్టాడు. "ఏలూరు తీసుకుపోతున్నాను పెద్దమ్మా. పెద్దనాన్నను ఇంట్లో పెట్టుకుని చూశాం, చాలు" అన్నాడు. పడవ నడిపింది మా రేవులోనే ఉండే గంగయ్య. వదిన కూడా ఎక్కింది. కషాయం కుండ ఒళ్ళో పెట్టుకుని మరీ ఎక్కింది. దారి పొడుగునా అది పట్టిస్తూనే ఉన్నది. ఎటు చూసినా నీరు. నాకు ఆ నీటిని చూస్తేనే ఒళ్ళు మండిపోయింది.

ఏలూరు ఆస్పత్రి

ఆస్పత్రి వరండాలో బల్ల మీద చాలాసేపు పడుకోబెట్టారు. మాకంటే ముందు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరి బాధ వారిది. నేను పళ్ళు పటపట కొరుకుతుంటే ఎవరో ముసలమ్మ, కాలికి కట్టుతో ఉన్న మనిషి, లేచి వెళ్ళి లోపలివాళ్ళతో "అయ్యా, నా కాలు రేపయినా చూడొచ్చు, ఆయన్ని చూడండయ్యా, చచ్చిపోతున్నాడు" అని పోట్లాడింది. ఆవిడ పేరు కూడా అడగలేకపోయాను.

కాంపౌండరు గొట్టం పెట్టాడు. పెట్టేటప్పటి బాధ చెప్పను. తరువాత సంగతి చెప్తాను. గొట్టంలోనుంచి నీరు దిగడం మొదలుపెట్టగానే నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, పసిపిల్లవాడిలా బావురుమన్నాను. కాంపౌండరు కుర్రవాడే గాని, మంచి మనిషి. నా తల నిమిరి, "ఏడవండి తాతగారూ, ఫరవాలేదు. అందరూ ఏడుస్తారండి ఇక్కడ" అన్నాడు.

మర్నాడు డాక్టరుగారు వచ్చారు. మెల్లగా మాట్లాడే మనిషి. నా మంచం మీదే ఒక పక్కన కూర్చున్నారు. వదిన సత్రంలో జావ కాచుకురావడానికి వెళ్ళింది. సుబ్బారావు మంచం దగ్గర నిలబడి ఉన్నాడు.

"మూత్రపు సంచి మెడ దగ్గర మగవాళ్ళకు ఒక గ్రంథి ఉంటుందండీ. ప్రాస్టేటు అంటారు. వయసులో ఉసిరికాయంత ఉంటుంది. పెద్దవాళ్ళయ్యాక కొందరికి అది పెరిగి నిమ్మకాయంత, బత్తాయంత అవుతుంది. పెరిగి దారిని నొక్కేస్తుంది. మీరు చేసిన పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. తల నెరవడం లాంటిదే. కాకపోతే దీన్ని నిర్లక్ష్యం చేస్తే ప్రాణం తీస్తుంది" అన్నారు. ఎన్నాళ్ళ నుంచి ఉన్నదని అడిగారు. పెళ్ళి పడవ సంగతి చెబితే తల అడ్డంగా ఊపారు. "అసలే ఇరుకయిన దారి. చలిలో అంతసేపు బిగబట్టారు. మరి ఇంటి దగ్గర ఏం చేశారు?"

చెప్పాను. పల్లేరు కషాయం, కొబ్బరినీళ్ళు.

ఆయన నా పొత్తికడుపు తడిమి చూశారు. "దారి తెరిచి ఉన్నప్పుడు ఆ మందులు మంచివేనండీ. మూసుకుపోయాక ఇవ్వకూడదు. మూతి బిగించిన తోలుతిత్తిలో ఇంకా నీళ్ళు పోస్తే ఏమవుతుంది? మీరు ఇంకొక పూట ఆలస్యం చేస్తే నేను చెయ్యగలిగింది ఉండేది కాదు. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికయినా ఇలా వచ్చిందా?"

అన్నయ్య సంగతి చెప్పాను. ఎన్నాళ్ళు బాధపడ్డాడో, ఏం పట్టించామో అన్నీ చెప్పాను. చెబుతూ ఉండగానే నాకు అర్థమయింది. డాక్టరుగారికీ అర్థమయింది. "ఆయన్ని కూడా తీసుకువచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, నా మొగం చూసి ఆపేశారు. సుబ్బారావు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆయన వెళ్ళాక వాడి చెయ్యి పట్టుకుని, "ఈ మాట మీ పెద్దమ్మ చెవిన పడకూడదురా" అన్నాను. వాడు తల ఊపాడు. కాసేపటికి వదిన జావగిన్నె తీసుకుని వచ్చింది. "డాక్టరు ఏమన్నాడు అబ్బాయ్?" అంది. గ్రంథి పెరిగిందట వదినా అని చెప్పి, జావ తాగాను.

ఫాల్గుణం

గొట్టం తీసి చూశారు. మళ్ళీ బిగిసింది. ఆ గ్రంథిని తీసెయ్యాలి, కాని నా ఒళ్ళు అప్పటికి అంత పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోదట. ముందు పొత్తికడుపులో చిన్న గాటు పెట్టి, అక్కణ్ణుంచి గొట్టం వేసి నీరు బయటికి తీస్తూ కొన్ని వారాలు ఉంచుతారు. మూత్రపిండాలు తేరుకున్నాక అసలు ఆపరేషన్. అంటే కడుపులోనుంచి గొట్టం, మంచం పక్కన సీసా. నా దగ్గర ఎప్పుడూ ఒకటే వాసన. చూడవచ్చిన బంధువులు ముక్కు మూసుకోలేక, మూసుకోకుండా ఉండలేక అవస్థపడేవారు. మంగమ్మ వచ్చి అంతా విని, "ఇదా నాన్నా తాడేపల్లిగూడెంలో నీళ్ళు తాగకపోవడానికి కారణం? నేను మా అత్తగారిని ఎంత మాట అన్నాను!" అని ఏడ్చింది. ఆ వియ్యపురాలే తరువాత మెత్తటి పాత బట్టలు మూటకట్టి పంపింది.

పక్క మంచం కరీం సాహెబుగారిది. ఏలూరులోనే తివాచీలు నేసేవాడు. నాకంటే నాలుగయిదేళ్ళు పెద్ద. ఆయనదీ నా జబ్బే. ఒకరోజు నేను నా సిగ్గు కథ చెబితే ఆయన తనది చెప్పాడు.

"నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని శుభ్రంగా ఉండాలి కదండీ నాయుడుగారూ. కడుక్కుని మసీదు మెట్లు ఎక్కేలోగా ఒక చుక్క పడేదండి. మళ్ళీ వెనక్కి వచ్చి మొదటికి. ఎన్నిసార్లని కడుక్కోను? చివరికి వెళ్ళడం మానేశాను. సాహెబుకు దేవుడంటే భక్తి పోయింది అనుకున్నారు మావాళ్ళు. మా తమ్ముడయితే నాతో మాట్లాడడం మానేశాడు."

"మరి చెప్పలేదా?"

"మీరు చెప్పారటండీ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కుట్లు లాగి ఇద్దరం కడుపులు పట్టుకున్నాం. ఆ వార్డులో నవ్వింది అప్పుడొక్కసారే.

ఆయన నాకంటే ముందు చేరాడు కనక ఆపరేషన్ ఆయనకు ముందు జరిగింది. పొద్దున తీసుకువెళుతుంటే నా వైపు తిరిగి, "ముందు వెళ్ళి దారి ఎలా ఉందో చూసి వస్తానండి" అన్నాడు. తిరిగి వచ్చాడు గాని బాగులేడు. నెత్తురు ఆగలేదు, తరువాత జ్వరం. ఆయన భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని విసురుతూనే ఉండేది. ఒక సాయంకాలం విసనకర్ర ఆగిపోయింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. మర్నాడు ఆవిడ తమ సామాను తీసుకువెళ్ళడానికి వచ్చింది. ఉతికి మడతపెట్టిన గుడ్డలు నా మంచం మీద పెట్టి, "ఇవి మీకు పనికివస్తాయండి. ఆయనకు ఇక అక్కరలేదు కదండీ" అంది.

నా వంతు వచ్చే వారం. నేను చేయించుకోనన్నాను. ఈ గొట్టంతోనే ఇంటికి పోతాను, బతికినన్నాళ్ళు బతుకుతాను అన్నాను. సుబ్బారావు కూడా కరీం సాహెబును చూసి జడిశాడు, "మీ ఇష్టం నాన్నగారూ" అన్నాడు. డాక్టరుగారు మొగమాటం లేకుండా చెప్పారు. "గొట్టంతో ఉండొచ్చండీ. కాని ఎప్పుడో ఒకప్పుడు లోపల చీము పడుతుంది. ఆపరేషన్‌లో ప్రమాదం లేదని నేను అనను. అది తప్పించుకున్నవాళ్ళు మాత్రం మామూలు మనుషుల్లా తిరుగుతున్నారు" అన్నారు.

ఆ సాయంత్రం వదిన నా మంచం పట్టె మీద కూర్చుంది. ఆవిడ కోపం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కోపం వస్తే గొంతు తగ్గిపోతుంది.

"ఇంటికి వచ్చి ఏం చేస్తావు అబ్బాయ్? మళ్ళీ బిగిస్తే? మీ అన్న కేకలు ఒకసారి విన్నాను. మాఘంలో నీ కేకలు విన్నాను. ఇంకొకసారి నా వల్ల కాదు. పోతే ఆ బల్ల మీదే పో. బతికితే ఇంటికి రా" అంది.

ఆ మాటకు నేను ఒప్పుకున్నాను. ఆవిడ మొగం చూడలేక ఒప్పుకున్నానని కూడా చెప్పాలి.

ధాత సంవత్సరం, చైత్రం

ఉగాది పచ్చడి ఆస్పత్రిలోనే నాలిక మీద రాశారు. చేదే తెలిసింది. మరి రెండు మూడు రోజులకు ఆపరేషన్. నడుముకు సూది పొడిచారు, కాళ్ళు నావి కాకుండా పోయాయి. లోపల ఎవరో చెయ్యి పెట్టి దేన్నో పెకలిస్తున్నట్టు తెలిసింది గాని నొప్పి లేదు. నొప్పంతా తరువాతే. సంచి ముడుచుకుని గొట్టాన్ని బయటికి నెట్టేస్తున్నట్టు నిమిష నిమిషానికీ పోటు. సీసాలో ఎర్రటి నీళ్ళు. జ్వరం వచ్చినప్పుడు కరీం సాహెబు పక్క మంచం మీద కూర్చుని పిలుస్తున్నట్టే ఉండేది. వస్తున్నానండి అని సమాధానం కూడా చెప్పానట. అది విని సుబ్బారావు బయటికి పోయి ఏడ్చాడని తరువాత కాంపౌండరు చెప్పాడు.

జ్వరం తగ్గింది. ఎర్రనీళ్ళు లేతపడ్డాయి. కొన్ని వారాలకు కడుపు మీది పుండు మూసుకుంటూ వచ్చింది. ఒక పొద్దున లేచి నిలబెట్టి చేతికి గిన్నె ఇచ్చారు. మంటగా, ధారగా, ఆగకుండా వచ్చింది. పదిహేనేళ్ళ కిందటిలా వచ్చింది. కాంపౌండరు వార్డంతా వినపడేలా "తాతగారు పాసయ్యారండోయ్" అని కేక పెట్టాడు. వదిన సత్రం నుంచి వచ్చి సంగతి విని, గోడకు చేరగిలబడి కూలబడిపోయింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అన్నయ్య పోయాక నేను అదే చూడడం.

వైశాఖం, జ్యేష్ఠం

ఇంటికి వచ్చాను. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, ఒళ్ళు సగమయింది. దగ్గితే చుక్క పడేది. పంచెలోపల గుడ్డ పెట్టుకుని వీధిలో కూర్చునేవాణ్ణి. నెమ్మదిమీద అదీ తగ్గింది. పలకరించడానికి వచ్చిన నా ఈడువాళ్ళను ఆడవాళ్ళు లోపలికి వెళ్ళాక మెల్లగా అడిగేవాణ్ణి. నీకు ధార ఎలా వస్తున్నది, రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నావు అని. మొదట నవ్వేవారు. తరువాత ఒకరిద్దరు నేల చూపులు చూసేవారు. వాళ్ళను పట్టుకుని ఏలూరు వెళ్ళమని పోరేవాణ్ణి. బిగబట్టకండి, చలిలో తిరగకండి, పూర్తిగా బిగిస్తే గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా పడవెక్కండి అనేవాణ్ణి. ఈ చివరి మాట మాత్రం వదిన వంటింట్లో లేనప్పుడే అనేవాణ్ణి.

ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "మీ అన్నదీ ఇదే జబ్బా అబ్బాయ్?" అంది.

"కాదు వదినా. ఆయనది వేరు. కడుపులో గడ్డట" అన్నాను.

"డాక్టరు చెప్పాడా?"

"చెప్పారు."

 మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది. అబద్ధమే. అయితేనేం, మనిషికి నిద్ర పట్టనిచ్చే అబద్ధం అనుకున్నాను. ఆ తరువాత ఎవరో మూత్రం మంట అని వస్తే ఆవిడ మళ్ళీ పల్లేరుకాయలు దంచడం చూశాను. అది ఇవ్వదగ్గ జబ్బే. అయినా ఆ రోకటి చప్పుడు వింటే నాకు అన్నం సహించేది కాదు. రేపు ఎవరికయినా పూర్తిగా బిగిస్తే? అప్పుడు చూసుకుందాంలే అని రోజులు నెట్టాను.

శ్రావణం

ముసురు పట్టిన రోజు. నడిపొద్దుకు గంగయ్య పెళ్ళాం తడిసిపోయి వచ్చింది. నన్ను మాఘంలో ఏలూరు చేర్చిన ఆ గంగయ్యే.

"అమ్మగారండీ, మా ఇంటాయనకి నిన్న సందేళ నుంచీ నీరు బిగిసిపోయిందండి. దొర్లుతున్నాడండి. మీ కషాయం ఇప్పించండమ్మా" అంది.

వదిన అప్పటికే పొయ్యి రాజేస్తున్నది. కుండలో నీళ్ళు పోసింది. కోడలిని బొండాల కోసం మనిషిని పంపమన్నది. నేను వంటింటి గడపలో నిలబడ్డాను.  ఒక పక్కన గంగయ్య, ఒక పక్కన ఈవిడ.

"వదినా, పొయ్యి ఆర్పండి."

"ఏం?"

"గంగయ్యకు అది ఇవ్వకూడదు. నిండిన సంచిలో ఇంకా నీరు పోసినట్టవుతుంది. ఇస్తే మనిషి ఏలూరు చేరడు. వెంటనే పడవ ఎక్కించాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"డాక్టరుగారు."

"ఎప్పుడు?"

"మాఘంలో. చేరిన మర్నాడు."

ఆవిడ నా వైపు చూడలేదు. పొయ్యిలో పుల్లలు సన్నగా అంటుకుంటున్నాయి. కాసేపు వాటినే చూసింది. "మీ అన్నది వేరన్నావు" అంది.  ఆవిడ పుల్లలు బయటికి లాగి, కుండలో నీళ్ళు వాటి మీద పోసింది. అప్పుడు లేచి గంగయ్య పెళ్ళాం దగ్గరికి వెళ్ళింది.

"చుక్క నీరు కూడా పట్టకండే. ఇప్పుడే ఏలూరు తీసుకుపొండి. మా సుబ్బారావు వస్తాడు మీతో. పద, నిలబడకు."

సుబ్బారావు అయిదో రోజున తిరిగి వచ్చాడు. గంగయ్యకు గొట్టం వేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. ఆ సాయంత్రమే వాళ్ళవాళ్ళు ఒక బుట్ట చేపలు తెచ్చి మా వాకిట్లో పెట్టారు. గంగయ్య పెళ్ళాం వదిన కాళ్ళ మీద పడి, "మీ మాట విని బతికాడండమ్మా. మీ చేతి చలవండి" అంది. వదిన కాళ్ళు వెనక్కి తీసుకుంది. వాళ్ళను పంపించి వచ్చి, అరుగు మీద నాకు కొంచెం దూరంగా కూర్చుంది. ఆ అయిదు రోజులూ ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఆ రోజు మీ అన్న వద్దన్నాడు అబ్బాయ్" అంది. "చాలే, ఇక పట్టదే అన్నాడు. పళ్ళు బిగించాడు. నేనే ముక్కు మూసి పోశాను."

"బతకాలనే కదా వదినా పోశారు."

 చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నది.

"ఎన్ని గ్లాసులు పట్టానో నీకు జ్ఞాపకం ఉందా?"

"లేదు వదినా. అంత కాలమయింది, ఎవరికి జ్ఞాపకం ఉంటుంది?"

"నాకు ఉంది" అంది.